త్వరితముగాఁ జిక్కుట



మా ప్రక్కయింటి చిన్నది వివాహమునకు నెలదినములు గడువుండఁగా, ముప్పది దినములలోఁ బది కిలోలు తగ్గింతుమను ప్రకటనను నమ్మి, అన్నము మాని పండ్లరసముతోఁ గాలము గడపెను. మొదటి వారమున మూఁడు కిలోలు తగ్గెనని మురిసెను. మూఁడవ వారమున వంటయింటిలో మూర్ఛిల్లెను. "పెండ్లినాఁటికి పిల్ల దక్కిన చాలు"నని తల్లి వాపోయెను.

ఆ మొదటి మూఁడు కిలోలలోఁ గొవ్వు స్వల్పము, నీరే యధికము. మన కండలయందును గాలేయమునందును గ్లైకోజెను అను పదార్థము నిలువయుండును. దాని ప్రతి గ్రాముతోను సుమారు 3 గ్రాముల నీరుండును. ఆహారము మానఁగానే యా నీరు వెడలును. అన్నము తినఁగానే మరల వచ్చును.

కిలో కొవ్వు కరగుటకు సుమారు 7,700 కాలరీలు వ్యయము కావలయును. దినమునకు 500 తగ్గించినచో వారమున కరకిలో తగ్గును. ఇంతకంటె మిక్కిలి త్వరపడినచోఁ గండలు క్షీణించును, జుట్టు రాలును, పిత్తాశయమున రాళ్లు పుట్టవచ్చును. అమెరికాలో నొక టెలివిజను పోటీయందుఁ జిక్కిన 14 మందిని ఆఱేండ్ల పిమ్మటఁ బరీక్షింపఁగా, 13 మంది మరల బరువెక్కిరని 2016లోఁ బ్రకటింపఁబడెను.

కావున మన యాశ మితముగా నుండవలయును. 70 కిలోల యామె మూఁడున్నర కిలోలు తగ్గినను రక్తపుపోటునకును మధుమేహమునకును మేలు కలుగును. మాఱు వడ్డనలో నన్నము తగ్గించి, పప్పును గూరలును హెచ్చించి, ప్రతిదినము నడచిన నిది సాధ్యమే. గర్భవతులును, బాలింతలును, మధుమేహమునకు మందు గొనువారును వైద్యుని యనుమతి లేక యిట్టి యుపవాసములకుఁ బూనరాదు.

పెండ్లి యొకనాఁటి ముచ్చట. దేహము నూఱేండ్ల తోడు.