ఇంటికి దగ్గరి బడే మేలు

జిల్లాల నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చే అనేక కుటుంబాలు ముందు పేరున్న బడిని ఎంచుకుని, ఆ తర్వాత స్తోమతకు తగిన అద్దె ఇల్లు వెతుక్కుంటున్నాయి. ఆ బడి ఉన్న గచ్చిబౌలి, కొండాపూర్ లాంటి చోట్ల అద్దెలు భరించలేక కుటుంబం శివారుకు జరుగుతుంది. బడి మాత్రం అక్కడే ఉంటుంది. ఆ దూరపు భారమంతా పిల్లలపైనే పడుతుంది. వారి నిద్రను, ఆటను, అమ్మానాన్నలతో గడిపే సాయంత్రాన్ని బస్సు ప్రయాణమే మింగేస్తుంది. అందుకే ఫీజు, అద్దె, రవాణా ఖర్చు, ప్రయాణ సమయం నాలుగింటినీ కలిపి లెక్కగట్టాలి. ప్రాథమిక తరగతుల పిల్లలకైతే, టీచర్లు నిలకడగా ఉండే దగ్గరి బడే మేలు.

మంచి చదువు కోసం కాస్త కష్టపడితే తప్పేమిటని తల్లిదండ్రులు అడగవచ్చు. ఆ తపన న్యాయమైనదే. కానీ బడుల ప్రకటనలు ర్యాంకు వచ్చినవారినే చూపుతాయి. తక్కినవారు ఏం నేర్చుకున్నారో చెప్పవు. దగ్గర్లో మంచి బడే లేదంటే, ఆ తప్పు కుటుంబానిది కాదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, నివాసానికి చేరువలో బడి ఏర్పాటు చేసే బాధ్యతను ప్రభుత్వంపైనే పెట్టింది. కొత్త కాలనీలకు, బహుళ అంతస్తుల భవనాలకు అనుమతులిచ్చేటప్పుడే ప్రభుత్వ బడికి స్థలం, టీచర్ పోస్టులు ఖరారు చేయాలి. అద్దె భరించగలిగిన చోటే మంచి చదువూ దొరికేలా నగరాన్ని తీర్చిదిద్దాలి.