ఒక్క కంప్యూటర్‌లో రెండు చదువులు



మన ఇండ్లల్లో కంప్యూటర్ ఉంటే ఒక్కటే ఉంటుంది. అదీ బాపు గల్ఫ్ నుంచి పంపిన పైసలతోనో, అవ్వ బీడీలు చేసి కూడబెట్టిన పైసలతోనో కొన్న సెకండ్ హ్యాండ్‌ది. అక్క ప్రాజెక్టు, తమ్ముడి ఆటలు, ఇంటి ఫొటోలు అన్నీ అందులోనే. అందుకే విండోస్ మంచిదా, లినక్స్ మంచిదా అని తమ్ముళ్లు అడిగితే నా జవాబు ఒక్కటే: రెండూ ఉంచుకోండి. కానీ నేను చేసినట్టు మాత్రం చేయకండి.

2009లో డిగ్రీ చదివేటప్పుడు నాకు ఉబుంటు సీడీ ఒకటి దొరికింది. ఆ రాత్రే ఇంట్లో ఎక్కించాను. మధ్యలో వచ్చిన ప్రశ్నను సరిగా చదవకుండా, డిస్క్ మొత్తం తుడిచేసే దాన్ని నొక్కాను. తెల్లారేసరికి లినక్స్ వచ్చింది, అక్క పెళ్లి ఫొటోలు పోయాయి. సెలవు దొరకక పెళ్లికి రాలేకపోయిన బాపు వాటి కోసమే ఎదురుచూస్తున్నాడు. "వచ్చినంక చూస్త తీ బిడ్డా" అని ఫోన్‌లో అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు.

అయినా లినక్స్ నేర్చుకోవద్దని నేను అనను. జగిత్యాలలో, కరీంనగర్‌లో డీటీపీ పనికైనా, ట్యాలీ లెక్కలకైనా విండోస్ రావాలి. ఇంటర్నెట్‌ను నడిపే సర్వర్లలో ఎక్కువ భాగం మాత్రం లినక్స్ మీదనే నడుస్తాయి. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌కు కూడా లోపల అదే ఆధారం. 1991లో దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అప్పటికి 21 ఏళ్ల విద్యార్థి. పైసా కట్టకుండా తెచ్చుకోవచ్చు, లోపల ఎట్లా రాశారో విప్పి చూడవచ్చు. మన హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వాళ్లు దాన్ని తెలుగులోకి కూడా తెచ్చారు.

మన మండలంలోనే, నాచుపల్లిలో, 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అక్కడ సీటు రావాలని మనలో ఎంతో మందికి ఆశ. ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠాన్ని పుస్తకంలోనే మొదటిసారి చూసేవాడికీ, అప్పటికే రెండింటినీ తన చేత్తో ఎక్కించినవాడికీ తేడా ఉంటుంది.

రెండూ పెడితే కంప్యూటర్ నెమ్మదిస్తుందని కొందరి భయం. ఒక సమయంలో నడిచేది ఒక్కటే కాబట్టి వేగం తగ్గదు. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు డిస్క్‌లో జాగా మాత్రం పంచుకుంటాయి. ముందు ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయాలి. బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తో కనీసం 30 జీబీ ఖాళీ చేసి, ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ మొదలుపెట్టి, విండోస్ పక్కనే ఎక్కించే పద్ధతిని ఎంచుకోవాలి. ఇక ఆన్ చేసినప్పుడల్లా ఏది కావాలో అదే అడుగుతుంది. లినక్స్ వాడిన తర్వాత ఒక్కోసారి విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. అది వైరస్ కాదు. రెండూ సమయాన్ని వేర్వేరు తీరుగా రాసుకుంటాయి, అంతే.

ఇంత చెప్పినా, మొదటిసారి ఎవరైనా తప్పు చేస్తారు. ఉన్నోళ్ల పిల్లలు చేస్తే ఇంకో కంప్యూటర్ ఉంటుంది. మనం చేస్తే ఇంటి జ్ఞాపకాలే పోతాయి. కాబట్టి ఆ తప్పు ఇంట్లో కాదు, హాస్టల్‌లో చేయాలి. పిల్లలు నిర్భయంగా తుడిచి, మళ్లీ ఎక్కించి, మళ్లీ పాడుచేసుకునే కంప్యూటర్ ఒక్కటైనా ప్రతి హాస్టల్‌లో ఉండాలని నా అభిప్రాయం. తాళం వేసి, బట్ట కప్పి ఉంచే కంప్యూటర్ ఎవరికీ చదువు చెప్పదు.

దీనికి సర్కారు నిధుల కోసమే ఎదురుచూడాలా? విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత కంప్యూటర్లలో చాలా వాటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. మిత్రులారా, వాటిని పాత సామాన్ల వాళ్లకు అమ్మేయకండి. మీ ఫైళ్లు తీసుకొని హాస్టల్‌కు ఇవ్వండి. వీలైతే ఒక ఆదివారం మీరే వచ్చి, తమ్ముళ్ల పక్కన కూర్చొని నేర్పించండి.

నేను ఈ ఏడు నా పాత కంప్యూటర్ తెస్తున్నాను. దాన్ని పాడుచేసినందుకు ఎవరినీ ఏమీ అననని ముందే మాటిస్తున్నాను.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, కొడిమ్యాల