ఎగిరింది... కానీ ఆన్ చేయలేదు!

2024 అక్టోబరు 20న అమెరికాలోని బ్లాక్ రాక్ ఎడారి నుంచి లేచిన ఆఫ్టర్‌షాక్-2 రాకెట్ సుమారు 143 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. చేసింది యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా విద్యార్థుల క్లబ్. ఔత్సాహికుల రాకెట్లలో అంతకుముందున్న రికార్డు దాంతో చెరిగిపోయింది.

ఉద్యోగ వేటలో ఉన్న మీకు మాత్రం ఆ రికార్డు కన్నా వాళ్ల 2018 నాటి తప్పే ఎక్కువ పనికొస్తుంది. ఆ సెప్టెంబరులో ట్రావెలర్-3 చక్కగానే ఎగిరింది. కానీ లోపలున్న ఏవియానిక్స్‌ను ప్రయోగానికి ముందు ఆన్ చేయలేదు! డేటా లేదు కాబట్టి ఎంత ఎత్తుకు వెళ్లిందో చెప్పే ఆధారమే లేదు. మోటారు, డిజైన్ ఎంత బాగున్నా చెక్‌లిస్టులో ఒక్క గీత తప్పితే అంతే. ఏడు నెలలు తిరక్కుండానే, 2019 ఏప్రిల్ 21న ట్రావెలర్-4 సుమారు 103 కిలోమీటర్లు దాటింది. ఈసారి లెక్క చూపించడానికి డేటా ఉంది.

మన ల్యాబ్ ఎక్స్‌పెరిమెంట్లలో రావాల్సిన జవాబు ముందే తెలుసు. రికార్డు బుక్కులో సీనియర్ రీడింగులే దిగిపోతుంటాయి, మీకు తెలియంది కాదు. క్లబ్‌లో అలా కుదరదు. పారాచూట్ తెరుచుకోకపోతే అది అందరి ముందే నేల మీద పడుతుంది. అందుకే ఇంటర్వ్యూలో ‘మేం రాకెట్ చేశాం సార్’ అంటే సరిపోదు. ‘అందులో మీరేం చేశారు, ఏది పాడైంది, ఎందుకు?’ అన్నదే అసలు ప్రశ్న. టీమ్‌లో ఇరవై మంది ఉండి, పని ముగ్గురే చేసుంటే రెండో నిమిషంలోనే దొరికిపోతారు.

అమెరికాలో ఎంఎస్ చేసి అక్కడి రాకెట్ కంపెనీల్లో చేరదామనుకునేవాళ్లు ఒక సంగతి ముందే తెలుసుకోండి. అక్కడి రక్షణ ఎగుమతి నిబంధనల వల్ల ఈ ఉద్యోగాలు చాలావరకు పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. స్టూడెంట్ వీసాతో తలుపు తెరుచుకోవడం కష్టం. లోన్ తీసుకునే ముందే ఈ లెక్క వేసుకోవాలి.

ఇక్కడా దారి ఉంది. హైదరాబాద్ స్టార్టప్ స్కైరూట్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి పంపిన విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్లు వెళ్లింది. ఇలాంటి కంపెనీలు ఇంకా కొన్నే, సీట్లూ తక్కువే. అయినా సెన్సర్ డేటా చదవడం, టెస్ట్ రిపోర్టు రాయడం వచ్చినవాళ్లకు ఆటోమొబైల్, డ్రోన్ కంపెనీల్లోనూ పని ఉంటుంది.

హాస్టల్ గదిలో ఇంధనం కలిపే సాహసాలు మాత్రం వద్దు. ప్రాణాలకే ప్రమాదం, పైగా పేలుడు పదార్థాల చట్టం కింద కేసు. వాటర్ రాకెట్‌తో మొదలుపెట్టండి. చిన్న ఆల్టిమీటర్ బిగించి, పది సార్లు ఎగరేసి, పదింటి డేటా దాచుకోండి, పడిపోయినవాటితో సహా. అన్నట్టు, ఎగరేసే ముందు ఆల్టిమీటర్ ఆన్ చేశారో లేదో చూసుకోండి.