పీపీటీ పంపితే పని అయిపోయినట్టేనా?

కొంచెం పొడుగు రాత, ఓపిగ్గా చదవండి.

మీటింగ్ అయిన మర్నాడు గ్రూపులో ఒక పీపీటీ వచ్చి పడుతుంది. కింద నాలుగు దండాలు, రెండు బొటనవేళ్లు. రాలేనివాళ్లకు విషయం చేరిపోయిందని లెక్క. చేరలేదని మేము అంటున్నాం.

పావగడ సంగతి మీకు తెలియంది కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. గలగలా తెలుగు మాట్లాడేవాళ్లలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. బడికే పోని పెద్దవాళ్లకు ఏ అక్షరాలూ రావు. స్లైడు ఏ లిపిలో చేసినా ఎవరో ఒకరు బయటే ఉండిపోతారు. చెవిన పడే మన తెలుగు మాత్రం అందరికీ అందుతుంది.

సోలార్ పార్కు కౌలు మీద ఒక స్లైడు చేశారనుకోండి. "ఎకరాకు ఏడాదికి రూ. 21,000, 5 శాతం పెంపు" అని ఒక్క లైను. ఆ పెంపు ఏటా కాదు, రెండేళ్లకొకసారి. అంటే మూడో ఏడు రూ. 22,050. ఇది నోటితో చెబితేనే తెలుస్తుంది. భూమి లేని కూలోళ్ల గతేంటని ఎవరైనా లేచి అడిగితే, ఆ ప్రశ్నా ఉండదు, జవాబూ ఉండదు. 13,000 ఎకరాల వ్యవహారం ఒక లైనులో ఇముడుతుందా?

అందుకే స్లైడ్లను గొంతుతో సహా రికార్డు చేయాలి. పాట తగిలించి స్లైడ్లు తిప్పితే అది కదిలే పీపీటీ, అంతే. మీటింగులోనే ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ రికార్డింగ్ పెడితే స్లైడు, మాట, ప్రశ్న మూడూ ఒకేచోట ఉంటాయి.

ఖర్చంటారా? ఓబీఎస్ స్టూడియో ఉచితం. ఎంకేవీ ఫైలుగా రికార్డు చేస్తే మధ్యలో ఆగిపోయినా అంతవరకు చెప్పింది దక్కుతుంది, తర్వాత ఎంపీ4గా మార్చుకోవచ్చు. 2,050 మెగావాట్ల పక్కనే ఉన్నా కరెంటును నమ్ముకోలేం కదా!

చేతకాదంటారా? ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ చూడండి. పది నిమిషాల చిన్న పాఠాలు. తెరమీద ఇంగ్లీషు అలాగే ఉంచి, గొంతు మాత్రం తెలుగు, కన్నడం, ఇంకా ఎన్నో భాషల్లో పెట్టారు. మనకూ అంతే చాలు. స్లైడు ఒకటి, గొంతులు రెండు.

అసలు అడ్డం వేరే ఉంది. మాట్లాడింది రికార్డులో ఉండిపోతుందని కొందరి జంకు. ఉండనీండి! "ఇతర ఖర్చులు" అని స్లైడులో రాసి దాటేయొచ్చు. మైకు ముందు ఆ మాట చదివి ఆగితే, ఇతర అంటే ఏందని వినేవాళ్లు అడుగుతారు. అడగాలి కూడా.

వచ్చే సర్వసభ్య సమావేశం నుంచి ఒక్కో విషయానికి ఒక్కో వీడియో, పది నిమిషాలు మించకుండా, ప్రశ్నలు కోసేయకుండా పెట్టాలని మా డిమాండ్.

ఈ రాతా తెలుగు లిపిలోనే ఉంది. చదవలేనివాళ్లకు మీ గొంతుతో వాయిస్ మెసేజ్ చేసి పంపండి. పని అక్కడినుంచే మొదలుపెడదాం.