పిస్తోలు రొయ్య అద్దం పగలగొడుతుందా?

మిర్యాలగూడ నుంచి ఒక విద్యార్థిని ఇలా అడిగింది: "మా అన్నయ్య అద్దాల తొట్టిలో ఉప్పునీరు పోసి సముద్రపు చేపలను పెంచుతున్నాడు. ఈమధ్య తెచ్చిపెట్టిన సముద్రపు రాయిలోనుంచి రాత్రిళ్ళు 'టక్, టక్' మని చప్పుడు వస్తున్నది. అది పిస్తోలు రొయ్య అట. అద్దం పగులుతుందనీ, తమ్ముడు చెయ్యి పెడితే పేలుస్తుందనీ అమ్మకు భయం. పారెయ్యమంటున్నది. నిజంగా ప్రమాదమా?"

సాగరు కాలువ నీళ్ళు పారే ఊళ్ళో సముద్రపు రొయ్య కాపురం పెట్టిందన్నమాట! ఇది సాధారణంగా రెండంగుళాలకు మించదు. ముందున్న రెండు డెక్కలలో ఒకటి చిన్నది. రెండవది దాని ఒంటిలో సగమంత ఉంటుంది. అదే పిస్తోలు.

మనం వేళ్ళతో చిటిక వేసినట్టే ఇది డెక్కతో వేస్తుంది. డెక్కకు కదిలే వేలిమీద ఒక బుడిపె, ఎదుటి వేలిలో దానికి సరిపడే గుంట ఉంటాయి. వేలు చటుక్కున మూసుకోగానే గుంటలోని నీరు సెకండుకు సుమారు 25 మీటర్ల వేగంతో చిమ్ముతుంది. ఆ విసురుకు నీటిలో ఒక బుడగ పుట్టి, పుట్టీ పుట్టకముందే అణగిపోతుంది. మీకు వినిపించేది ఆ బుడగ చప్పుడే. డెక్క వేళ్ళు కొట్టుకుని మోగుతాయని చాలాకాలం అనుకున్నారు. 2000లో నెదర్లాండ్స్, జర్మనీ శాస్త్రజ్ఞులు సెకండుకు 40,000కు పైగా బొమ్మలు తీసే కెమెరాతో చూసి అసలు సంగతి కనిపెట్టారు. మరుసటి ఏడు ఇంకొక వింత బయటపడింది. బుడగ అణగే క్షణంలో దానిలోపల వేడి కనీసం 4,700 డిగ్రీలకు చేరి, మన కంటికి ఆననంత చిన్న మెరుపు మెరుస్తుంది!

ఇది వింటే అమ్మ భయం రెట్టింపవుతుందేమో. దీపావళికి కాకరపువ్వొత్తి కాల్చినప్పుడు చేతిమీద పడిన రవ్వను తలచుకోండి. ఎంత వేడిదైనా ఆవగింజలో వెయ్యోవంతు, క్షణంలో ఆరిపోతుంది. ఇదీ అంతే. ఆ దెబ్బ డెక్క ముందే తీరిపోతుంది. చిన్న పీతనో, రొయ్యపిల్లనో దిమ్మెక్కించడానికి చాలు. అద్దాన్ని ఏమీ చెయ్యలేదు. వేలికి తగిలితే చురుక్కుమంటుంది, అంతే.

అద్దం పగలగొట్టిన ఘనత వేరొకదానిది. 1998లో ఇంగ్లండులోని గ్రేట్ యార్మత్ ప్రదర్శనశాలలో ఒక మాంటిస్ రొయ్య తొట్టి అద్దాన్ని గుద్ది పగలగొట్టింది. అదీ రాళ్ళలో దాగి టకటకలాడేదే. కనుక రాత్రి టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూడండి. ఒక డెక్క పెద్దదైతే పిస్తోలు రొయ్య. కళ్ళు కాడలమీద అటూ ఇటూ తిరుగుతూ, ముంజేతులు మడిచి దణ్ణం పెట్టినట్టుంటే మాంటిస్ రొయ్య. దాన్ని వేరు చెయ్యవలసిందే, చేతితో మాత్రం ముట్టవద్దు.

విశాఖపట్నం బీచిలో కురుసుర జలాంతర్గామిని చూశారా? 1969లో మన నౌకాదళంలో చేరి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్నది. జలాంతర్గాములు శత్రువుల ఓడలను చప్పుడు విని పసికట్టాలి. వెచ్చని, లోతులేని సముద్రాలలో ఈ రొయ్యలు వేలకొద్దీ చిటికలు వేస్తుంటే, తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టుండి మరేదీ సరిగా వినబడదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా శాస్త్రజ్ఞులు ఈ గోల సంగతి శ్రద్ధగా పరిశోధించారు.

అయినా అమ్మ మాట కొట్టిపారెయ్యడానికి లేదు. ఈ రొయ్య మహా తవ్వకందారు. రాయి కింది ఇసుక తోడి సొరంగాలు చేస్తుంది. రాయి ఇసుకమీద ఆనుకుని ఉంటే ఒకనాడు ఒరిగి అద్దంమీద పడవచ్చు. అప్పుడు నిజంగానే ఇల్లంతా నీళ్ళు! అన్నయ్య రాళ్ళను తొట్టి అడుగుమీదనే కదలకుండా నిలిపి, తరవాత చుట్టూ ఇసుక పోయాలి. చిన్న రొయ్యలూ, నత్తలూ తొట్టిలో ఉంటే వాటికి గండమే.

అప్పటికీ వద్దనుకుంటే అమ్మిన దుకాణానికే ఇచ్చెయ్యండి. కాలువలో వదిలితే మంచినీటిలో బతకదు. ఆ రాయి ఎక్కడిదో కూడా అక్కడే అడగండి. మన సముద్రాలలోని గట్టి పగడాలకు 2001 నుంచి చట్టంలో పులితో సమానమైన రక్షణ ఉన్నది. వాటిని తీసినా, అమ్మినా నేరం.