లీడ్ వచ్చింది సరే, కస్టమర్ మళ్లీ వచ్చాడా?

2025 సెప్టెంబరులో అర్బన్ కంపెనీ స్టాక్ మార్కెట్లో లిస్టయ్యింది. అదే నెల 22 నుంచి ఏసీలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. విజయవాడలోనో కూకట్‌పల్లిలోనో ఇద్దరు మెకానిక్‌లతో ఏసీ సర్వీస్ షాపు నడిపేవాళ్లకి ఈ రెండు వార్తలూ కలిసి ఒకే ప్రశ్న వేస్తున్నాయి. ఏసీలు పెరుగుతాయి, బాగానే ఉంది. రిపేరుకి ఫోన్ ఎవరికి వెళ్తుంది?

మార్చి నుంచి మే దాకా వీళ్లకి ఫోన్ ఎత్తే తీరిక ఉండదు. వానలు మొదలయ్యాక ఫోనే మోగదు. అప్పుడు లీడ్లు కొంటారు. చాలా లిస్టింగ్ యాప్‌లలో ఒకే కస్టమర్ నంబరు నలుగురైదుగురికి వెళ్తుంది. ఇక రేటు తగ్గించే పోటీయే! లెక్క కోసం ఒక్కో లీడ్ 100 రూపాయలు అనుకోండి. ఐదుగురిలో ఒకరు ఒప్పుకుంటే ఆ పనికి 500 ఖర్చు. సర్వీస్ ఛార్జీ 600 అయితే మిగిలేది పెట్రోలుకే చాలదు. కానీ అదే ఇంటికి ఏడాదికి రెండుసార్లు చొప్పున మూడేళ్లు వెళ్తే? 3,600 రూపాయలు, అదీ మళ్లీ లీడ్ కొనకుండా.

ఇక్కడే మీకు పని ఉంది. చాలా షాపుల్లో పాత బిల్లు బుక్కులు అటక మీద దుమ్ము పట్టి ఉంటాయి. పేరు, నంబరు, ఏసీ మోడల్, సర్వీస్ చేసిన తేదీ అన్నీ వాటిలోనే. వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కించండి. ఫిబ్రవరిలో షాపు వాట్సాప్ బిజినెస్ నుంచి మెసేజ్ పంపించండి: ‘పోయిన మేలో మీ ఇంట్లో ఏసీ సర్వీస్ చేశాం. ఎండలు ముదరకముందే ఓసారి చూడమంటారా?’ పండగ శుభాకాంక్షల ఫొటోలకంటే ఇది వెయ్యి రెట్లు నయం. ఖాళీ నెలల్లో ఇదే లిస్టుతో ఏఎంసీలు అడగొచ్చు. ఆ నంబర్లు మాత్రం ఇంకో షాపుకి ఇవ్వకండి.

కొత్తవాళ్ల కోసం గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. వెతికినదానికి ఎంత సరిపోతుంది, ఎంత దగ్గర, ఎంత పేరుంది అన్న మూడింటినీ గూగుల్ చూస్తుంది. దూరం మన చేతిలో లేదు. సరైన కేటగిరీ, రివ్యూలు ఉన్నాయి. గది చల్లబడగానే మెకానిక్ క్యూఆర్ కోడ్ చూపించి అడగాలి, మర్నాడు కాదు. రివ్యూలు కొంటే గూగుల్ తీసేస్తుంది, ఒక్కోసారి ప్రొఫైల్‌కే ఎసరు.

ఓనర్ ఫీజెంత అని అడిగితే నెల జీతం చెప్పకండి. తిరిగొచ్చిన ప్రతి పాత కస్టమర్‌కి ఇంత అని చెప్పండి. ఆ లెక్క ఆయనకి అక్కడికక్కడే అర్థమవుతుంది, మీ రెజ్యూమెలో రాసుకోడానికి ఒక అంకె కూడా దొరుకుతుంది.