వంద కణాలు లెక్కపెట్టడం మానేద్దామా?

డిఫరెన్షియల్ కౌంటు ప్రాక్టికల్ అంటే మనలో ఎవరికీ ఇష్టం లేదు. లీష్మన్ రంగు వేసిన స్లైడు మీద కన్ను ఆనించి, న్యూట్రోఫిల్ ఒకటి, లింఫోసైట్ ఒకటి అంటూ వంద తెల్లకణాలు లెక్కపెట్టేసరికి కాంటీన్లో బజ్జీలు అయిపోతాయి! ఇక ఆ పని కంప్యూటరే చేస్తుంది గనుక యీ ప్రాక్టికల్ ఎత్తేయాలని కొందరు మిత్రుల వాదన. నేను ఒప్పుకోను.

యంత్రం మీద నాకు కోపం లేదు. 2009లో స్కార్సెల్లీ ప్రభృతులు వివరించిన గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతి నాకెంతో నచ్చింది. కణం బొమ్మను చిన్న చిన్న తునకలు చేసి, ఒక్కొక్క తునకను ఒక బిందువనుకుని, పక్కపక్కనున్నవాటిని గీతలతో కలుపుతారు. ప్రతి బిందువూ ఇరుగుపొరుగుల సమాచారం పోగుచేసుకుని తన లెక్క సవరించుకుంటుంది. న్యూట్రోఫిల్ కేంద్రకం సన్నని పోగులతో కలిసిన తమ్మెలు గదా, ఏది దేన్ని అంటిపెట్టుకుని వున్నదో చూసే పద్ధతి దానికి బాగా నప్పుతుంది.

ఐతే, దానికి పాఠం చెప్పిందెవరు? ఇలాంటి పరిశోధనలకు ఎక్కువగా వాడే బొమ్మల్లో బార్సిలోనా హాస్పిటల్ క్లినిక్‌వి ఒకటి. 2020లో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. మొత్తం 17,092 బొమ్మలు, ఎనిమిది తరగతులు. ప్రతి బొమ్మకూ పేరు పెట్టినవారు పాథాలజిస్టులే, అనగా మనలాగే మైక్రోస్కోపు మీద కళ్లు కాయలు కాయించుకున్నవారు! పైగా ఆ రక్తం అంటురోగంగానీ రక్తవ్యాధిగానీ లేనివారిది. వేసిన రంగు మే గ్రున్వాల్డ్ గీమ్సా, మన లీష్మన్ కాదు.

మన ఆసుపత్రులకు వచ్చేది జ్వరపడ్డవాడు. డెంగీలో లింఫోసైట్లు ఉబ్బి, రూపు మారి, మోనోసైట్లేమో అనిపిస్తాయి. లుకేమియా పిల్లవాడి రక్తంలోని బ్లాస్టు కణం మరీ మోసకారి. ఎనిమిది గదులే ఎరిగిన యంత్రం దాన్ని కూడా వాటిలో ఏదో ఒకదాన్లో పడేస్తుంది. "యిది నేనెరగను" అని దానంతటది అనదు. గీతలెన్ని గీసినా అంతే. ఆ రిపోర్టు మీద సంతకం పెట్టేవాడికి కణం గుర్తుపట్టడం రాకపోతే ఆ పిల్లవాడి గతేం కాను?

అంచేత ప్రాక్టికల్ వుండనివ్వండి. రోగి అనుమతి తీసుకుని, పేరు తీసేసి, మన స్లైడ్లనే ఫోటోలు తీద్దాం. ప్రతి కణాన్నీ ఇద్దరు విద్యార్థులు విడివిడిగా గుర్తించాలి, పేచీ వస్తే మాస్టారు తీరుస్తారు. ఆ బొమ్మలతో యంత్రానికి మనమే పాఠం చెప్పవచ్చు. వచ్చే బాచ్‌తోనే మొదలుపెట్టవచ్చు. కావలసిందల్లా మైక్రోస్కోపుకు తగిలించే కెమెరా ఒక్కటి. యూనియన్ నిధుల్లోంచి ఇస్తారో లేదో కార్యదర్శిగారే చెప్పాలి.